శ్రీబాగ్ ఇంటి పంతులు: కంపెనీ కొలువు నుంచి అమృతాంజనం దాకా

తిరుపతి: అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లే భక్తుల సంచుల్లో కొబ్బరికాయ, కర్పూరంతో పాటు చిన్న మందు సీసా ఒకటి కనిపించడం వింతేమీ కాదు. మోకాళ్ల పర్వతం దగ్గర కాసేపు కూలబడి, పిక్కలకు ఇంత రాసుకుని మళ్లీ లేచేవారు ఎందరో. పసుపు రంగు లేపనంతో, కర్పూరపు ఘాటుతో తెలుగునాట మూడు నాలుగు తరాలుగా ఇంటింటా తెలిసిన ఆ మందు అమృతాంజనం. దాన్ని తయారుచేసిన వ్యక్తికీ, తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకూ ఉన్న సంబంధం మాత్రం సీసాపై చీటీలో కనిపించదు. రాయలసీమ నీటి వాటా ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వినిపించే శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరే శ్రీబాగ్. ఆ గృహస్థు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

దేశోద్ధారకుడు, విశ్వదాత అన్న బిరుదులతో ప్రసిద్ధులైన పంతులు తొలి జీవితం ఒక కంపెనీ ఉద్యోగి జీవితమేనన్న విషయం చాలామందికి గుర్తు లేదు. నెల తిరిగేసరికి చేతికందే జీతాన్ని కాదనుకుని సొంత వ్యాపారంలోకి దిగినప్పుడు ఆయనకు ఇరవై ఆరేళ్లు.

కృష్ణా జిల్లా పామర్రు సమీపంలోని ఎలకుర్రు గ్రామంలో 1867 మే 1న బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు నాగేశ్వరరావు జన్మించారు. కృష్ణా కాలువల నీటితో పచ్చగా ఉండే డెల్టా పల్లె అది. ఈ సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి, చివర దీనితో పని పడుతుంది. స్వగ్రామంలోనూ, బందరులోనూ చదువుకుని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. కందుకూరి వీరేశలింగం పంతులు నడిపిన వివేకవర్ధని రచనలు విద్యార్థి దశలోనే ఆయనపై గాఢమైన ముద్ర వేశాయి.

ఆ రోజుల్లో బీఏ పూర్తి చేసిన తెలుగు యువకుని ముందు రెండే రాచబాటలుండేవి. ఒకటి సర్కారు కొలువు, రెండోది న్యాయవాద వృత్తి. కలెక్టరు కచేరీలో గుమాస్తాగా చేరి తహసీల్దారు పదవి దాకా ఎదిగితే ఊరంతా చెప్పుకునేది. వ్యాపారం చదువుకున్నవారి పని కాదన్న భావన బలంగా ఉండేది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పట్టభద్రుడు మందులమ్మే దుకాణం పెడతానంటే ముఖం చిట్లించేవారే ఎక్కువ. నాగేశ్వరరావు ఈ రెండు బాటలూ తొక్కలేదు. మద్రాసులో కొద్దికాలం చిన్నపాటి వ్యాపారం చేసి, కలకత్తా వెళ్లి ఔషధ వ్యాపారంలో కుదురుకుని, మందుల తయారీలోని మెలకువలను దగ్గరుండి నేర్చుకున్నారు.

బొంబాయిలో మలుపు

కలకత్తా నుంచి ఆయన చూపు బొంబాయివైపు మళ్లింది. నూలు మిల్లులు, ఓడరేవు, ఐరోపా వర్తక సంస్థలతో ఆ నగరం అప్పటికే దేశ వాణిజ్యానికి ముఖద్వారంగా ఉంది. అక్కడ విలియం అండ్ కంపెనీ అనే సంస్థ కార్యాలయంలో ఉద్యోగంలో చేరి, పనితనంతో అంచెలంచెలుగా ఎదిగారు. సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతకు కొని ఎంతకు అమ్ముతారు, అప్పు ఎవరికివ్వాలి, ప్రకటన ఎలా రాయాలి వంటి వ్యాపార రహస్యాలన్నీ అలాంటి కార్యాలయాల్లోనే తెలిసేవి. కలకత్తాలో మందు తయారీ నేర్చిన మనిషికి బొంబాయిలో అమ్మకం విద్య పట్టుబడింది. ఆ రెండూ ఒకచోట కలిసిన తరువాత ఇంకొకరి పద్దు పుస్తకంలో అంకెలు రాస్తూ కూర్చోవడం ఆయన స్వభావానికి ఇమడలేదు.

1893లో అమృతాంజనం పుట్టింది. మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం వంటి ఘాటైన పదార్థాలు కలిపిన లేపనమది. రాసిన చోట మొదట చల్లగా తగిలి, ఆపై వెచ్చదనమిచ్చి, నొప్పిని మరపిస్తుంది. కాటుకకు చెల్లే అంజనమన్న మాటను నొప్పి మందుకు అతికించి, దాని ముందు అమృతాన్ని చేర్చడంలో పండితుని భాషాజ్ఞానం కొంత, వర్తకుని చమత్కారం కొంత ఉన్నాయి. దేశంలో ఏ భాషవారికైనా పలకడానికి వీలైన పేరది.

ధర పది అణాలు. నేటివారికి ఇది ఏమీ కానట్టు తోచవచ్చు గానీ, రూపాయికి పదహారణాలైన ఆ కాలంలో పది అణాలంటే రూపాయిలో సగానికి పైమాటే. కూలీకి వెళ్లినవాడు రోజుకు కొద్ది అణాలు మాత్రమే కళ్లజూసే రోజులవి. ఎవరూ పేరు వినని మందుకు అంత సొమ్ము పెట్టి కొనేదెవరు? పంతులు దానికి కనిపెట్టిన ఉపాయం నేటి వ్యాపార పాఠశాలల్లో చెప్పుకోదగినది. సంగీత సభలకు వెళ్లి, వచ్చినవారికి మందును ఉచితంగా పంచిపెట్టేవారు. గంటల తరబడి కచేరీ వినడానికి కూర్చునే శ్రోతలు చదువు, సంపద ఉన్నవారు. తల బరువెక్కే వేళకు మందు చేతిలో పడితే దాని గుణం అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆ మనిషి ఇంటికి వెళ్లి నలుగురికి చెబుతాడు. ఇలా నోటిమాటగా పాకిన పేరు కొద్ది సంవత్సరాల్లో దేశమంతటా వ్యాపించింది. పంతులు లక్షాధికారి అయ్యారు.

ఆ కథ అక్కడితో ముగిసి ఉంటే ఆయన మరో విజయవంతమైన వర్తకుడిగా మాత్రమే మిగిలేవారు. అటువంటివారు మన జిల్లాలోనూ లేకపోలేదు. అమెరికాలో ఇంజినీరు ఉద్యోగం విడిచి వచ్చి 1985లో అమరరాజా సంస్థకు ప్రాణం పోసిన గల్లా రామచంద్రనాయుడు కథ ఇక్కడివారికి చిరపరిచితమే. బెంగళూరు, చెన్నై కంపెనీల్లో పనిచేస్తూ సొంత సంస్థ కలలు కనే తిరుపతి యువకుల సంఖ్యా తక్కువేమీ కాదు. పంతులు కథలో వేరుగా కనిపించేది, సీసా గెలిచాక ఆయన ఆ సొమ్మును మళ్లించిన దారి.

నష్టమని తెలిసీ పెట్టిన పత్రిక

1905లో బెంగాల్ విభజన జరిగింది. వందేమాతరం ఉద్యమం తెలుగు జిల్లాలను కదిలించింది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు పంతులు హాజరయ్యారు. మితవాదులు, అతివాదులు చీలిపోయిన సభ అది. దేశంలో ఇంత కల్లోలం జరుగుతుంటే తెలుగువారికి తమ భాషలో ఆ సంగతులు చెప్పే బలమైన పత్రిక లేదన్న వెలితి ఆయనను అప్పుడే పట్టుకుంది. 1908 సెప్టెంబరులో ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయి నుంచి వెలువడింది.

తెలుగు పాఠకులు ఉన్నది వందల మైళ్ల దూరాన. పత్రిక అచ్చయ్యేది మరాఠీ, గుజరాతీ మాట్లాడే నగరంలో. వ్యాపార దృష్టితో చూసే ఏ మనిషీ చేయని పని ఇది. బొంబాయి నుంచి మద్రాసుకు వెళ్లే రైలు మార్గం రాయచూరు, గుంతకల్లు, కడప దాటి మన రేణిగుంట మీదుగానే సాగుతుంది. కాబట్టి కోస్తా జిల్లాలకు బొంబాయి ఎంత దూరమైనా, ఆ రైలుబాట మాత్రం రాయలసీమ నడిబొడ్డు నుంచే పోయింది.

1914లో పంతులు మద్రాసుకు తరలివచ్చి, ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా మార్చారు. మందుల వ్యాపారమూ మద్రాసు చేరింది. నాటి మద్రాసు రాష్ట్రంలో తెలుగువారికి రాజధాని ఆ నగరమే. చిత్తూరు జిల్లాకైతే మరీ దగ్గర. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలను కలిపి ఏర్పాటు చేసిన చిత్తూరు జిల్లాలో తిరుత్తణి కూడా ఉండేది. 1960 వరకూ ఉంది. పొద్దున మద్రాసులో రైలెక్కితే తిరుత్తణి, పుత్తూరు దాటి రేణిగుంట చేరడానికి పూట పట్టదు. తమిళం, తెలుగు పక్కపక్కనే వినిపించే ఈ సరిహద్దు సీమకు మద్రాసు నుంచి వెలువడే తెలుగు దినపత్రిక ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

పత్రిక నడపడం అమృతాంజనం అమ్మడం వంటిది కాదు. 1910 నాటి పత్రికా చట్టం ప్రకారం ప్రభుత్వం తలచుకుంటే ధరావతు కట్టమని అడగవచ్చు, దానిని జప్తు చేయవచ్చు. జాతీయోద్యమం పక్షాన నిలిచిన పత్రికకు సర్కారు ప్రకటనల ఆశ ఉండదు. ఇటువంటి పత్రికకు వెన్నుదన్ను కావలసివచ్చినప్పుడు తలనొప్పి మందు రాబడి నిలబడింది. మరొకరి కొలువులో ఉండి ఉంటే ఆయన ఈ సాహసం చేయగలిగేవారా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. ఐరోపా కంపెనీ ఉద్యోగి సర్కారును విమర్శించే పత్రిక పెట్టడం ఊహకందని విషయం. ఇరవై ఆరో ఏట జీతం వదులుకున్న మనిషికి దాని పూర్తి ఫలం నలభయ్యేళ్లు దాటాక చేతికొచ్చింది.

1924 జనవరిలో భారతి సాహిత్య మాసపత్రిక ప్రారంభమైంది. తెలుగులో పరిశోధన, విమర్శ, కథ, కవిత్వం ఒకే గొడుగు కిందికి వచ్చిన ఆ పత్రికలో తమ రచన అచ్చయితే చాలనుకున్న పండితులు, కవులు లెక్కలేనంత మంది. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలైంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో ఆ ఏడే ఈ గ్రంథమాలలో వెలువడింది. అదే ప్రభాకరశాస్త్రి తరువాత కాలంలో తిరుపతి వచ్చి, శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేస్తూ తాళ్లపాక కవుల సాహిత్యాన్ని వెలికితీయడంలో పాలుపంచుకున్నారు. 1950లో కన్నుమూసేదాకా తిరుపతే ఆయనకు కార్యక్షేత్రం. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించడంతో ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిని కూడా పంతులే భుజాన వేసుకున్నారు. గ్రంథాలయాలకు, విద్యార్థులకు ఆయన చేసిన దానాలకు లెక్క లేదు. విశ్వదాత అన్న పేరు ఊరకే రాలేదు.

ఆంధ్రరాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి ఆయన పలుమార్లు అధ్యక్షత వహించారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లి, అక్కడ భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. అప్పటికి ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో చిత్తూరు మనిషి పేరు స్థిరపడిపోయింది. దాని తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచి గ్రామస్థులు.

శ్రీబాగ్‌లో ఆ రోజు

అయితే ఆ విశ్వవిద్యాలయమే కోస్తా, రాయలసీమల మధ్య అపనమ్మకానికి ఒక కారణమైంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం చివరికి వాల్తేరులో స్థిరపడింది. అనంతపురంలో కేంద్రం కావాలని కోరిన సీమవాసులకు ఇది మింగుడుపడలేదు. రాయలసీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోకే మళ్లాయి. పత్రికల్లో ప్రత్యేకాంధ్ర రాష్ట్రం గురించి ఎంత రాసినా, సీమలో అనుమానం తీరలేదు. గోదావరిపై ధవళేశ్వరం, కృష్ణపై బెజవాడ ఆనకట్టలు పంతొమ్మిదో శతాబ్దంలోనే కట్టారు. కోస్తాలో కాలువలు, వరి, కళాశాలలు, వకీళ్లు. ఇక్కడ చెరువులు, కరవు. రాష్ట్రం వస్తే ఆధిపత్యం ఎవరిదన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది.

1937 అక్టోబరులో బెజవాడలో జరిగిన ఆంధ్ర మహాసభ రజతోత్సవాలకు కడప కోటిరెడ్డి అధ్యక్షత వహించారు. రాయలసీమ సందేహాలు తీర్చడానికి ఒక సంఘం ఏర్పాటైంది. ఆ సంఘం 1937 నవంబరు 16న మద్రాసులోని పంతులు నివాసం శ్రీబాగ్‌లో సమావేశమైంది. కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు వంటి సీమ నాయకులు ఒకవైపు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటి కోస్తా నాయకులు మరొకవైపు కూర్చున్నారు. అందరికీ ఆతిథ్యమిచ్చిన పంతులు వయస్సు అప్పటికి డెబ్బై ఏళ్లు.

అక్కడ కుదిరిన అంగీకారంలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, శాసనసభ స్థానాలు జిల్లాల వారీగా దాదాపు సమానంగా పంపిణీ, రాజధాని, హైకోర్టుల్లో ఒకదానిని ఎంచుకునే అవకాశం రాయలసీమకు ఇవ్వడం ఉన్నాయి. వీటన్నిటికంటే బరువైనది నీటి అంశం. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల జలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే అంతకు మించిన కాలం రాయలసీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యమివ్వాలని పెద్దలు సమ్మతించారు. ఎలకుర్రు కృష్ణా డెల్టాలోని ఊరని మొదట చెప్పుకున్నాం. కాలువ నీటితో పెరిగిన ఊరి మనిషి, తన సంపాదనతో ఏర్పరచుకున్న ఇంట్లో, నీళ్లు లేని సీమకు కృష్ణలో ముందు వాటా ఉండాలన్న ఒడంబడికకు చోటిచ్చారు. ఆయన చేసిన దానాల్లో దీనిని లెక్కవేసేవారు తక్కువ. సీమవాసుల దృష్టిలో మాత్రం ఇదే పెద్దది కావాలి.

ఆ తరువాత ఆయన ఐదు నెలలు కూడా లేరు. 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికలను, సంస్థను ముందుకు నడిపారు. మైలాపూరులో లజ్ ప్రాంతంలోని ఉద్యానవనానికి నాగేశ్వరరావు పేరు పెట్టారు. అదే మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించి, కర్నూలు రాజధాని అయింది, గుంటూరులో హైకోర్టు వెలిసింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. కేంద్రం కోరింది అనంతపురానికి, పూర్తిస్థాయి విశ్వవిద్యాలయం దక్కింది తిరుపతికి. సీమకు ఉన్నత విద్య కావాలన్న శ్రీబాగ్ నాటి మాట ఆ మేరకు నెరవేరింది.

మిగిలిన మాటల గతి వేరు. 1956లో రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. నీటి ప్రాధాన్యం కాగితంపైనే ఉందన్న ఫిర్యాదు సీమలో తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. హంద్రీ-నీవా, గాలేరు-నగరి పథకాల గురించి చర్చ జరిగినప్పుడల్లా, 2014లో రాష్ట్ర విభజన అనంతరం రాజధాని ప్రశ్న వచ్చినప్పుడూ, ఆపై మూడు రాజధానుల వివాదంలోనూ శ్రీబాగ్ పేరు మళ్లీ మళ్లీ తెరపైకి వచ్చింది. ఆ పేరు ఒక ఇంటిదని, ఆ ఇల్లు ఒక మందు వర్తకునిదని ఎరిగి మాట్లాడినవారు బహుశా కొద్దిమందే.

ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం సంస్థ 1936లో లిమిటెడ్ కంపెనీ అయి, 2007లో అమృతాంజన్ హెల్త్ కేర్‌గా పేరు మార్చుకుంది. ఆ పసుపు రంగు లేపనాన్ని తయారుచేస్తూనే ఉంది.